బ్రెయిడ్ గేమ్‌కి ఇంత పొగడ్త అవసరమా? ఆడినవాళ్ళు చెప్పండి

గుణుపురం_గుంటడు
సేల్‌లో చవగ్గా వచ్చిందని బ్రెయిడ్ కొన్నాను, కాలాన్ని వెనక్కి తిప్పుతూ పజిల్స్ విప్పే గేమ్. ఎక్కడ చూసినా ఒకటే పొగడ్త. కళాఖండం అంట, ఇండీ గేములకి, అంటే పెద్ద కంపెనీలు లేకుండా సొంతంగా చేసే గేములకి, దారి వేసింది అంట, రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు చెప్పే మెటాక్రిటిక్ సైట్‌లో 93 అంట. నాలుగో లోకం దాకా ఆడాను. అంత గొప్ప ఏటుందో నాకైతే అంతుపట్టలేదు.

కోటూ టై వేసుకున్న టిమ్ అనే బుడ్డోడు. తలుపు తీస్తే మబ్బుల్లో వరసగా పుస్తకాలు. ఒక్కో పుస్తకం దగ్గరికి వెళ్తే ఒక్కో పేరా. రాకుమారి, తప్పు, క్షమాపణ అంటూ బరువైన మాటలు. అవి దాటి లోపలికి వెళ్తే మళ్ళీ మారియో గెంతులే. ఆ గెంతు కూడా మందంగా ఉంది. సెలెస్ట్ లాంటి కొత్త గెంతుల గేమ్ ఆడి వచ్చాక దీనికి అలవాటు పడటం కష్టమే.

రెండో లోకంలో ఒక ముక్క దగ్గర ఒళ్ళు మండిపోయింది. మనం ఏరుకున్న జిగ్‌సా ముక్కని ఫ్రేమ్‌లో పెడితే, అందులో గీసిన అరుగు నిజం అరుగులా పనిచేస్తుందంట! ఎవడికి తడుతుంది చెప్పండి. ఇప్పుడు నాలుగో లోకంలో తాళంచెవి పట్టుకుని ఎడమవైపుకి నడిస్తే అది నా చేతిలోంచి ఊడి వెనక్కి పోతోంది. ఇది బగ్గా?

2008లో కొత్తగా ఉందని పొగిడేసి అలా ఒగ్గేశారా, లేకపోతే ఇప్పటికీ నిలబడుతుందా? పూర్తి చెయ్యమంటారా, తీసెయ్యమంటారా? ఎండింగ్ మాత్రం చెప్పొద్దు.

బరంపురం_బుల్లోడు
తీసెయ్.

లెక్కలమాస్టారు_రాయగడ
బగ్ కాదు బాబూ, ఆ లోకం రూలే అది. నాలుగో లోకంలో కాలం గడియారంతో నడవదు, నీ కాళ్ళతో నడుస్తుంది. కుడికి వెళ్తే ముందుకి, ఎడమకి వెళ్తే వెనక్కి. నిలబడితే ఆగిపోతుంది. నువ్వు తొక్కి చంపిన బొమ్మ దగ్గరికి ఎడమవైపుగా తిరిగి రా, అది లేచి కూర్చుంటుంది. తాళంచెవి కూడా ఆ కాలానికి లోబడినదే కాబట్టి, నువ్వు ఎడమకి నడిస్తే అది ఇంతకుముందు ఉన్న చోటుకి పోతుంది. ఆ లెవెల్ పేరే 'ఫికిల్ కంపానియన్'. పేరులోనే చెప్పేశాడు కదా.

పొగడ్త సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నాను. కాలాన్ని వెనక్కి తిప్పడం బ్రెయిడ్ కనిపెట్టింది కాదు. 2003లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా శాండ్స్ ఆఫ్ టైమ్‌లో ఉంది. అయితే అక్కడ అది ప్రాణం కాపాడుకోడానికి లెక్కపెట్టి ఇచ్చే వరం. ఇక్కడ లెక్క లేదు, ఎంతసేపైనా తిప్పుకో. చావు అన్న భయం తీసేశాక ఇక మిగిలింది ఆలోచన ఒక్కటే. రెండో లోకంలో వట్టి వెనక్కి తిప్పడం. మూడో లోకంలో ఆకుపచ్చగా మెరిసే వస్తువులు నువ్వు తిప్పినా తిరగవు. నాలుగోది పైన చెప్పాను. అయిదులో నువ్వు వెనక్కి తిప్పాక, ఇందాక నువ్వు చేసిన పని నీ నీడ మళ్ళీ చేసి చూపిస్తుంది. ఆరులో ఒక ఉంగరం, దాని చుట్టుపక్కల కాలం నెమ్మదిస్తుంది. ఒక్కో లోకంలో ఒక్క రూలే మారుతుంది, పజిల్స్ అన్నీ ఆ రూల్‌లోంచే పుడతాయి. చెప్పిందే మళ్ళీ చెప్పిన పజిల్ దాదాపు కనబడదు. ఇంత శుభ్రమైన గేములు నేను ఎక్కువ చూడలేదు.

గుణుపురం_గుంటడు
మాస్టారూ, రూల్ అర్థమైంది. పజిల్ కాలేదు.

పర్లాకిమిడి_పాతకేసెట్
మాస్టారు చెప్పింది నిజమే గానీ ఒకటి వదిలేశారు. ఈ గేమ్ ఎవరి కోసం చేశాడో చూడాలి. మా చిన్నప్పుడు పర్లాకిమిడిలో టీవీ గేమ్ పార్లర్ ఉండేది, గంటకి ఇంత అని పెట్టి ఆడించేవాళ్ళు. కేసెట్ మీద తొంభై తొమ్మిది ఆటలని రాసి ఉండేది, లోపల అవే నాలుగైదు ఆటలు పేర్లు మార్చి తిరిగేవి. ఏ కేసెట్‌లోనైనా మారియో మాత్రం ఉండాల్సిందే. కోట దాకా వెళ్తే రాకుమారి ఇక్కడ లేదు, ఇంకో కోటలో ఉందనేవాడు. బ్రెయిడ్‌లో ఒక్కో లోకం చివర ఓ డైనోసార్ బొమ్మ వచ్చి అదే మాట అంటుంది. చిన్నప్పుడు ఆ మాట విని విని విసుగెత్తినవాళ్ళకే అక్కడ నవ్వొస్తుంది. జంప్‌మ్యాన్ అనే లెవెల్ చూస్తే డాంకీ కాంగ్ అనే పాత గేమ్ ఆడినోడు ఠక్కున గుర్తుపడతాడు.

తమ్ముడు సెలెస్ట్‌తో మొదలెట్టాడు. ఆ వెక్కిరింపులన్నీ పక్కనుంచి పోతాయి.

గుణుపురం_గుంటడు
అంటే పాత కేసెట్ ఆడితేనే నచ్చే గేమ్ అన్నమాట. మరి అందరికీ కళాఖండం అని ఎందుకు చెప్పడం అన్నయ్యా?

జయపురం_జామచెట్టు
నా ఓటు లింబో అనే గేమ్‌కి. 2010లో డెన్మార్క్ నుంచి ప్లేడెడ్ వాళ్ళు తెచ్చారు. ఒక్క ముక్క రాత లేదు. నలుపు, బూడిద రంగు, కళ్ళు మెరిసే కుర్రోడు, సాలీడు. అంతే. చెప్పకుండానే భయపెడుతుంది. బ్రెయిడ్‌లో ఒక లోకంలోకి వెళ్ళాలంటే ముందు పాఠం చదవాలి.

బరంపురం_బుల్లోడు
లింబోలో సగం పజిల్స్ ఒకసారి చస్తేనే తెలుస్తాయి. రంపం ఎక్కడుందో ముందు తల పోయాక తెలుసుద్ది. దానికన్నా బ్రెయిడే నయం.

జయపురం_జామచెట్టు
ఇందాకే తీసెయ్ అన్నావు కదరా.

బరంపురం_బుల్లోడు
బ్రెయిడ్ బాగాలేదని కాదు, వాడు నలుగురు మెచ్చారని ఆడుతున్నాడు. అలా ఆడితే ఏదీ బాగోదు.

బల్లార్షా_జంక్షన్
2008లో ఎక్స్‌బాక్స్ మీద పదిహేను డాలర్లు పెట్టినప్పుడే పెద్ద గొడవ అయింది. డౌన్‌లోడ్ గేమ్‌కి అంత రేటా అన్నారు. అయిదారు గంటల్లో అయిపోయే గేమ్. తెలిసినోడైతే ముప్పావుగంటలో కొట్టేస్తడు, గేమ్‌లోనే దానికి అచీవ్‌మెంట్ ఉన్నది. నేను మస్తు ఇష్టపడ్డ గానీ, పూర్తి రేటుకి కొనమని ఎవరికీ చెప్పను.

లెక్కలమాస్టారు_రాయగడ
గంటల లెక్కన గేమ్‌ని తూకం వెయ్యకండి. జొనాథన్ బ్లో మూడేళ్ళకు పైగా తన జేబులోంచి దాదాపు రెండు లక్షల డాలర్లు పెట్టి చేశాడు. అందులో చాలా భాగం బొమ్మలు వేసిన డేవిడ్ హెల్‌మన్‌కి ఇచ్చిందీ, బతకడానికి ఖర్చు పెట్టిందీ. రెండు నుంచి ఆరు దాకా అయిదు లోకాల్లో అరవై జిగ్‌సా ముక్కలు. వాటిలో ఊరికే నింపడానికి పెట్టింది ఒక్కటి చూపించండి.

బల్లార్షా_జంక్షన్
చూపిస్త. హంట్ అనే లెవెల్. ఉన్న బొమ్మలన్నిటినీ చంపితే ముక్క ఇస్తడు. అందులో ఆలోచన ఏమున్నది?

లెక్కలమాస్టారు_రాయగడ
ఏ వరసలో చంపాలన్నదే ఆలోచన. సరే, అదొక్కటి మీ ఖాతాలో వేసుకోండి.

సిరోంచ_సీత
రాతని అందరూ తిడుతున్నారు, కాబట్టి నేను దాని పక్షాన రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిక ఉంటేనే చదవండి. ఎండింగ్ చెప్పను.

నేను మరాఠీ మీడియంలో చదివాను, ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతాను. అందుకే ఆ పుస్తకాల దగ్గర తొందరగా దాటిపోలేదు. రెండో లోకం ముందు ఏం రాశాడు? టిమ్ ఏదో తప్పు చేశాడు, రాకుమారి పోయింది. అన్న మాట వెనక్కి తీసుకుని, ఆ తప్పు నుంచి నేర్చుకున్నది మాత్రం మన దగ్గరే ఉంచుకునే వీలుంటే ఎలా ఉంటుంది అని అడుగుతాడు. లోపలికి వెళ్తే చేతికి ఇచ్చింది సరిగ్గా అదే. వెనక్కి తిప్పితే టిమ్ మళ్ళీ పాత చోట ఉంటాడు, ఎక్కడ పడ్డామో మనకి మాత్రం గుర్తుంటుంది.

నాలుగో లోకం ముందు రాత ఇంకా బాగుంటుంది. టిమ్ పండగ భోజనానికి అమ్మానాన్నల ఇంటికి వెళ్తాడు. ఆ గడప దాటగానే మళ్ళీ చిన్నప్పటి పిల్లాడైపోయినట్టు అనిపిస్తుంది అతనికి. ఇక లోపల మాస్టారు చెప్పిన రూల్. ఎక్కడ ఉన్నావో దాన్ని బట్టి కాలం. నేను నాగపూర్‌లో పనిచేస్తాను. సెలవులకి సిరోంచ వచ్చి సంచి కింద పెట్టకముందే అమ్మ "తల దువ్వుకో, అన్నం తిన్నావా, ఫోన్ పక్కన పెట్టు" అని మొదలుపెడుతుంది. ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్ళు ఉన్నారు, ఇక్కడ నాకు గిన్నె సరిగ్గా తోమడం రాదంటారు. తిరుగు బస్సు ప్రాణహిత దాటాక మళ్ళీ నా వయసు నాకు వస్తుంది. ఆ లెవెల్‌లో ఎడమకి నడిచినప్పుడు చేతిలోది ఊడిపోతుంటే నాకు కోపం రాలేదు, ఫక్కుమని నవ్వొచ్చింది.

ఆరో లోకం సంగతీ అంతే. ముందు రాతలో టిమ్ వేలికి ఉంగరం ఉంటుంది, అది చూసి జనం అతని దగ్గరికి రావడానికి సంకోచిస్తారు. లోపల ఆ ఉంగరం కింద పెడితే దాని దగ్గరికి వచ్చేవన్నీ నెమ్మదిస్తాయి. రాత చదవకుండా పరిగెత్తినవాళ్ళకి అది కొత్త పరికరం, అంతే.

గుణుపురం_గుంటడు
అక్కా, ఇలా ఎవరూ చెప్పలేదు. రివ్యూల్లో "లోతైన కథ" అని రాసి ఊరుకున్నారు.

పర్లాకిమిడి_పాతకేసెట్
సీతగారు చెప్పింది చదివితే గేమ్‌లో రాసినదానికన్నా బాగుంది. అదే నా బాధ. నడిస్తే కాలం వెనక్కి పోతోంది కదా, ఆ భావం చేతికి అందుతోంది కదా, మళ్ళీ తలుపు దగ్గర పేరాలు అంటించడం ఎందుకు? పెళ్ళిలో భోజనం బాగుంటే మైకుసెట్టు గోల ఓర్చుకుంటాం. అంతమాత్రాన మైకువాడికి సన్మానం చెయ్యం.

సిరోంచ_సీత
మైకు లేకపోతే ఎవరి పెళ్ళికి వచ్చారో కూడా తెలీకుండా తినేసి పోయేవాళ్ళు ఉంటారు మరి.

బరంపురం_బుల్లోడు
నేనే అది. పుస్తకాల ముందు నుంచి పరిగెత్తేశాను, ఒక్కటీ చదవలేదు. పజిల్స్ అన్నీ చేశాను, హాయిగా ఉంది.

జయపురం_జామచెట్టు
అన్నీ నువ్వే చేశావా, యూట్యూబ్ చేసిందా?

బరంపురం_బుల్లోడు
అరవైలో ఓ నాలుగు యూట్యూబ్ చేసింది.

లెక్కలమాస్టారు_రాయగడ
జొనాథన్ బ్లో అప్పట్లో తనే ఒక అధికారిక వాక్‌త్రూ, అంటే పజిల్స్‌కి జవాబులు చెప్పే గైడ్, పెట్టాడు. తెరిచి చూస్తే వాక్‌త్రూ చూడకండి, మీరే చెయ్యగలరు అని ఉంటుంది. మా పిల్లలకి గైడ్లు అమ్మేవాళ్ళు ఇలా ఉంటే ఎంత బాగుండు.

గుంటడు బాబూ, నీకు ఒక్క మాట. ఏ పజిల్ దగ్గరైనా ఆగిపోతే అక్కడే కూర్చోకు. ముక్క తీసుకోకపోయినా తలుపు దాటి తర్వాత లెవెల్‌కి వెళ్ళొచ్చు, ఎవరూ ఆపరు. తర్వాత వచ్చి తీసుకో. ఆఖర్న ఆడే లోకం ఉన్న అటకెక్కే నిచ్చెన కావాలంటే మాత్రం అన్ని జిగ్‌సా బొమ్మలూ పూర్తవ్వాలి.

గుణుపురం_గుంటడు
ఇది ముందే తెలిస్తే మూడు రోజులు ఆ తాళంచెవితో కుస్తీ పట్టేవాణ్ణి కాదు. అది కూడా గేమ్ చెప్పదు చూడండి.

లెక్కలమాస్టారు_రాయగడ
తలుపు ఎదురుగానే ఉంటుంది కదా బాబూ.

బల్లార్షా_జంక్షన్
నక్షత్రాల సంగతి ఎవరూ ఎత్తలేదు. రహస్యంగా ఎనిమిది నక్షత్రాలు దాచిండు. అందులో ఒకదానికి నత్తలా కదిలే మబ్బు మీదెక్కి దాదాపు రెండు గంటలు నిలబడాలె. ఇంకోటి మూడో లోకంలో ఉన్నది. ఆ లోకం బొమ్మ అతికించక ముందే పట్టుకోవాలె. అతికించేశావా, ఆట మొత్తం మొదటి నుంచి. ఆటగాడి టైముకి విలువ ఇచ్చినోడు చేసే పనేనా ఇది?

పర్లాకిమిడి_పాతకేసెట్
ఆ మబ్బు మీద నేను నిలబడ్డాను. టిమ్‌ని ఎక్కించి, భోంచేసి, మా ఆవిడ చెప్పిన కూరగాయలు తెచ్చి వచ్చేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యోమంటోంది, మబ్బు ఇంకా సగం దారిలో ఉంది. మళ్ళీ ఎక్కలేదు.

జయపురం_జామచెట్టు
ఆ నక్షత్రం దాకా మీ కూరగాయల లిస్టు వెళ్ళిందన్నమాట.

సిరోంచ_సీత
బల్లార్షా అన్నా, ఆ నక్షత్రాలు అందరి కోసం కాదు. గేమ్‌లో వాటి గురించి ఒక్క మాట ఉండదు. ఎవరూ అడగకుండా, అందకూడనిదాన్ని కూడా అందుకోవాలని పడిచచ్చేవాళ్ళకి పెట్టాడు. టిమ్ చేసేది అదే కదా.

బల్లార్షా_జంక్షన్
చెల్లె, నువ్వు ఏదైనా టిమ్‌కే అంటగడతవు.

మోడరేటర్_కావిడి
కింద ఎండింగ్ గురించి పోస్టులు వస్తున్నాయి. గుంటడూ, పూర్తి చేసేదాకా ఇక్కడే ఆగు. మిగిలినవాళ్ళు రాసే ముందు మొదటి వాక్యంలో చెప్పి రాయండి.

పర్లాకిమిడి_పాతకేసెట్
ఎండింగ్ ఉంది. చివర ఆడే మొదటి లోకంలో కాలం ఉల్టా నడుస్తుంది. వీరుడి చేతిలోంచి రాకుమారి తప్పించుకుంటుంది, వెనక మంటల గోడ తరుముకొస్తుంటే పైన ఆమె, కింద టిమ్ పరిగెడతారు. ఆమె పైనుంచి మీటలు లాగి దారి ఇస్తున్నట్టు ఉంటుంది. ఆఖరికి ఆమె పడగ్గది బయటికి చేరతాం. అక్కడ వెనక్కి తిప్పితే అదే దృశ్యం అసలు వరసలో నడుస్తుంది. ఆమె పారిపోతోంది టిమ్ నుంచే. ఆ మీటలు లాగింది అతన్ని ఆపడానికి. కాపాడింది ఆ వీరుడు. ఒక్క మాట లేకుండా, మనం గేమంతా నొక్కిన అదే బటన్‌తో ఈ దెబ్బ కొట్టాడు. ఇక్కడికి నేను లేచి దండం పెడతాను.

కానీ ఆ తర్వాత ఎపిలోగ్ అని మళ్ళీ పుస్తకాలు. 1945 ట్రినిటీ అణుపరీక్ష అయ్యాక దాన్ని నడిపించిన శాస్త్రవేత్త కెన్నెత్ బెయిన్‌బ్రిడ్జ్ అన్న మాట తెచ్చి అందులో పెట్టాడు. ఇంతదాకా ఒక మనిషి, ఒక ఆడపిల్ల, ఒక అపార్థం. అది చాలదా? అణుబాంబు దాకా లాగాలా?

సిరోంచ_సీత
ఎండింగ్ గురించే. లాగాడని నేనూ ఒప్పుకుంటాను. కానీ రాకుమారి అంటే అణుబాంబే అని తేల్చేసింది నెట్‌లో జనం. గేమ్ అలా తేల్చదు. కావాలనుకున్నదాని వెనక పడి చివరికి దాన్నే బెదరగొట్టేవాడి కథ అనుకుంటే రెండూ ఇముడుతాయి.

జయపురం_జామచెట్టు
రెండూ ఇముడుతాయి అంటే ఏదీ సరిగ్గా ఇమడలేదని అర్థం. లింబో చివర అద్దం పగిలినట్టు పగులుతుంది, కుర్రోడు చెల్లి దగ్గరికి వెళ్తాడు, అయిపోయింది. ఎవడి అర్థం వాడు తీసుకున్నాడు, ఎవడూ కోట్ అంటించలేదు.

లెక్కలమాస్టారు_రాయగడ
లింబో రెండో సగంలో గురుత్వాకర్షణ తిరగేసే యంత్రాలు వచ్చాక ఆ అడవి భయం ఏమైపోయింది? దాని గురించి మాట్లాడు.

జయపురం_జామచెట్టు
మాస్టారూ, టాపిక్ బ్రెయిడ్ అండీ.

బల్లార్షా_జంక్షన్
సంగీతం ముచ్చట కూడా చెప్పాలె. ఈ గేమ్ కోసం ప్రత్యేకంగా చేయించింది కాదు, మాగ్నట్యూన్ అనే మ్యూజిక్ కంపెనీ దగ్గర ముందే ఉన్న పాటల్ని లైసెన్స్ తీసుకుని వాడిండు. జేమీ సీబర్ సెల్లో గిట్ల. కానీ కాలం వెనక్కి తిప్పితే ఆ సెల్లో కూడా వెనక్కి మోగుతది. నాలుగో లోకంలో నిలబడితే పాట ఆగుతది, నడిస్తే నడుస్తది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడండి.

గుణుపురం_గుంటడు
పూర్తయింది. పైన రాసినవన్నీ ఇప్పుడు చదివాను.

అయిదో లోకం నాకు బాగా పట్టింది. నేను మీట లాగి, కాలం వెనక్కి తిప్పి, ఇంకో దారిలో పరిగెడుతుంటే నీడ వెళ్ళి అదే మీట లాగింది, నేను తలుపు కింద నుంచి దూరిపోయాను. అప్పుడు రాత్రి చాలా అయింది, అరిచానని అమ్మ లేచొచ్చి తిట్టింది. అక్కడ మాత్రం పొగడ్త న్యాయమే. చివర రాకుమారి సంగతి పాతకేసెట్ అన్నయ్య చెప్పినట్టే, నోట మాట రాలేదు.

అయినా 93 ఇవ్వను. గెంతు మందమే, చిన్న అరుగుల మీద జారిపోవడం విసుగే. ఏం చెయ్యాలో తెలిసినా చెయ్యి కుదరక అయిదారుసార్లు తిప్పాల్సి వస్తే అది పజిల్ ఎలా అవుతుంది? ఆ బొమ్మ ఫ్రేమ్ ముక్కని ఇప్పటికీ క్షమించను. ఎపిలోగ్‌లో సగం చదివి వచ్చేశాను, సీతక్క తిట్టుకోవద్దు.

సిరోంచ_సీత
తిట్టుకుంటాను.

లెక్కలమాస్టారు_రాయగడ
బొమ్మ ఫ్రేమ్ ముక్క గురించి నీతో ఏకీభవిస్తాను. కాలంతో దానికి సంబంధం లేదు. మిగతా గేమంతా కాలం గురించి నేర్పి, అక్కడ మాత్రం ఇంకేదో అడిగాడు.

బరంపురం_బుల్లోడు
మాస్టారు ఓడిపోయారు, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

పర్లాకిమిడి_పాతకేసెట్
93కి ఓ మాట తమ్ముడూ. ఆ మార్కులు 2008 ఆగస్టులో వేసినవి. అప్పటికి ఒక్కడు తన డబ్బుతో ఇలాంటిది చేసి ఎక్స్‌బాక్స్ మీద అమ్మడం కొత్త. ఆ తర్వాత లింబో, సూపర్ మీట్ బాయ్, ఫెజ్ వరసగా వచ్చాయి. నువ్వు అవన్నీ వచ్చాక దీని దగ్గరికి వచ్చావు. 2024లో బొమ్మలు మళ్ళీ గీసి, పదిహేను గంటలకి పైగా వ్యాఖ్యానం పెట్టి యానివర్సరీ ఎడిషన్ తెచ్చాడు. అమ్మకాలు దారుణమని బ్లోనే బాహాటంగా చెప్పాడు. పొగిడినవాళ్ళలో ఎంతమంది మళ్ళీ కొన్నారో చూడు మరి.

జయపురం_జామచెట్టు
మీరు కొన్నారా?

పర్లాకిమిడి_పాతకేసెట్
పాతదే ఉంది కదా, మళ్ళీ ఎందుకు.

బల్లార్షా_జంక్షన్
గట్లనే పోయినయి అమ్మకాలు.

కొత్తసభ్యుడు_మల్కన్‌గిరి
ఈ చర్చ అంతా చదివాను, ఆడాలనిపిస్తోంది. నా దగ్గర పాత లాప్‌టాప్, నాలుగు జీబీ ర్యామ్. ఏది కొనాలి, పాతదా కొత్తదా?

లెక్కలమాస్టారు_రాయగడ
పాతది తీసుకో బాబూ, 2009లో పీసీకి వచ్చిన గేమ్, నీ మెషీన్ సులువుగా లాగుతుంది. కొత్తదానిలో పాత బొమ్మలకీ కొత్త బొమ్మలకీ మధ్య అప్పటికప్పుడు మార్చి చూసుకోవచ్చు, వ్యాఖ్యానం కావాలనుకుంటేనే అది. కీబోర్డుతో ఆడొచ్చు, షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే వెనక్కి. ఎండింగ్ ఉందన్న పోస్టులు చదవలేదు కదా?

కొత్తసభ్యుడు_మల్కన్‌గిరి
అవే ముందు చదివాను సార్.